పాత ఫ్రిజ్జు, కొత్త ఇల్లు: చలి ఎక్కడ ఆగిపోయింది?

ఈ శీర్షికలో ఎప్పుడూ కంప్యూటర్ల గురించీ, సెల్‌ఫోన్ల గురించీ మాట్లాడుకుంటూ కూర్చుంటే వంటింటికి అన్యాయం చేసినట్లవుతుంది. రాత్రీ పగలూ, ఏడాది పొడుగునా మన ఇంట్లో పనిచేసే యంత్రం ఫ్రిజ్జు. అది సరిగ్గా పనిచేసినంత కాలం మనం దాన్ని యంత్రమనుకోం, చల్లటి బీరువా అనుకుంటాం. ఆగిపోయిన రోజున మాత్రం అది ఎలా పనిచేస్తుందో మనకి బొత్తిగా తెలియదని తెలుస్తుంది. నాకు అలాగే తెలిసింది.

మేముండే రోటోటూనా న్యూజీలాండులో హామిల్టన్ నగరానికి ఉత్తరపు కొసన ఉన్న పేట. మావోరీ భాషలో రోటో అంటే చెరువు, టూనా అంటే పాములా పొడుగ్గా ఉండే ఈల్ చేప. డబ్బాల్లో పెట్టి అమ్మే ట్యూనా వేరు. ఈ దేశంలో అద్దె ఇళ్లలో పొయ్యి ఉంటుంది కాని ఫ్రిజ్జు సాధారణంగా ఉండదు. ఎవరిది వాళ్లే కొనుక్కోవాలి, ఇల్లు మారినప్పుడల్లా వెంట మోసుకుపోవాలి. అందుకని పాత ఫ్రిజ్జులు ఇక్కడ చేతులు మారుతూనే ఉంటాయి. 1999లో మొదలైన ట్రేడ్‌మీ అనే వేలంపాటల సైటులో ఏ రోజు చూసినా కనిపిస్తాయి.

నేనూ అలాగే ఒకటి కొన్నాను. మా అమ్మ తెనాలి నుంచి ఆరు నెలలు ఉందామని వచ్చింది. ఆవిడకి చక్కెర జబ్బు. వెంట తెచ్చుకున్న మూడు నెలల ఇన్సులిన్‌కి తోడు పచ్చళ్లూ, పప్పుపొడులూ, దోసెల పిండీ చేరేసరికి మా చిన్న ఫ్రిజ్జు నిండిపోయింది. కేంబ్రిడ్జ్ ఊళ్లో ఒకాయన పెద్ద ఫ్రిజ్జు 250 డాలర్లకి అమ్ముతున్నాడు. పై అర మంచు అర, కింద తలుపు మామూలు అర, మంచు పేరుకోని రకం. మేం వెళ్లేసరికి వంటింట్లో ప్లగ్గులోనే ఉంది, లోపల పాల సీసా చల్లగా ఉంది. ఇంతకంటే ఏం పరీక్ష కావాలి? ఆయన అప్పటికప్పుడు ప్లగ్గు పీకాడు, పక్కింటాయన దగ్గర అడిగి తెచ్చుకున్న ట్రైలర్లో ఇద్దరం కలిసి దాన్ని వెల్లకిలా పడుకోబెట్టాం. 2022లో తెరిచిన కొత్త ఎక్స్‌ప్రెస్‌వే మీద అరగంటలో ఇంటికి వచ్చేశాం. పడుకోబెట్టిన ఫ్రిజ్జుని నిలబెట్టాక వెంటనే ప్లగ్గు పెట్టకూడదని ఎక్కడో విన్నాను కనక నాలుగు గంటలు ఆగాను. ఆగి, పెట్టాను. గుర్రుమని మొదలైంది. పాత ఫ్రిజ్జు మర్నాడే ఒక కుర్రాడికి ఇచ్చేశాను. అది నేను చేసిన రెండో తప్పు. మొదటి తప్పు ఏమిటో తర్వాత చెబుతాను.

మొదటి రాత్రి లోపల్నుంచి కరకరమని చప్పుడు వినిపించింది. తెల్లారేసరికి ఆగిపోయింది. సర్దుకుందిలే అనుకున్నాను. సాయంత్రానికి పాలు విరిగాయి. గ్లాసు నీళ్లలో థర్మామీటరు వేసి మధ్య అరలో పెడితే 13 డిగ్రీలు చూపించింది. పై అరలో ఐస్‌క్రీము గరిటె జారుగా అయింది కాని పూర్తిగా కరగలేదు.

"ఒరేయ్, గ్యాసు అయిపోయుంటుందిరా," అంది అమ్మ. "మన తెనాల్లో అయితే ఒక్క ఫోను కొడితే వచ్చి గ్యాసు పట్టి పోతాడు."

ఇన్సులిన్ పెట్టె పక్కింటివాళ్ల ఫ్రిజ్జులోకి వెళ్లింది. వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. 8 దాటితే మెల్లగా పాడవుతుంది. గడ్డకడితే మాత్రం అక్కడికక్కడే పనికిరాకుండా పోతుంది, మళ్లీ కరిగించినా లాభం లేదు. కనక కంగారులో మంచు అరలో పడెయ్యకూడదు. ఈ సంగతి తెలియక పాడుచేసుకున్నవాళ్లని నేనెరుగుదును. వాడుతున్న పెన్ను చాలా రకాల్లో ఎండ తగలని చోట బయటే నాలుగు వారాల దాకా ఉంటుంది. సరిగ్గా ఎన్ని రోజులో ఆ మందు పెట్టె మీదే రాసి ఉంటుంది.

గ్యాసు అయిపోతుందా?

"గ్యాసు అయిపోయింది" అన్నది మనింట్లో రెండు సందర్భాల్లో వినిపించే మాట. వంటగ్యాసు బండ విషయంలో అది అక్షరాలా నిజం. ఉన్న గ్యాసు మండిపోతుంది, బండ ఖాళీ అవుతుంది. ఫ్రిజ్జులో గ్యాసు మండదు, ఖర్చు కాదు, అరగదు. మన ఒంట్లో రక్తంలాగా మూసేసిన గొట్టాల్లో గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, అంతే. గొట్టానికి చిల్లు పడనంత కాలం ఇరవై ఏళ్ల తర్వాత కూడా అంతే గ్యాసు ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కారే చోటు పట్టుకుని మూయకుండా, లోపలి గాలీ తేమా పంపుతో లాగెయ్యకుండా, తేమ పీల్చే చిన్న ఫిల్టరు మార్చకుండా, పైనుంచి గ్యాసు పట్టి పోతే అది కుండకి చిల్లుండగా నీళ్లు పోసినట్టే. అసలు చిల్లే లేకపోతే, ఉన్న గ్యాసు సరిపోతుండగా ఇంకా పట్టించుకుంటే, బాగున్న ఫ్రిజ్జుని చేజేతులా చెడగొట్టుకున్నట్టు. చాలా ఇళ్లలో చిన్న ఫ్యాను పాడైనందుకు గ్యాసు డబ్బులు కట్టారని నా అనుమానం.

అసలు ఫ్రిజ్జు చలిని తయారు చెయ్యదు. లోపలి వేడిని తోడి బయట పోస్తుంది. ఇంజక్షను ఇచ్చే ముందు స్పిరిటు రాస్తే చర్మం చల్లబడుతుంది కదా. ఆ ద్రవం ఆవిరి కావడానికి కావలసిన వేడిని మన చర్మంలోంచి లాక్కుంటుంది. ఎండాకాలం మట్టికూజాలో నీళ్లు చల్లగా ఉండేదీ అందుకే. కూజా నీటిని ఒకసారి ఆవిరి చేసి గాల్లోకి వదిలేస్తుంది. ఫ్రిజ్జు అదే ద్రవాన్ని మళ్లీ మళ్లీ పట్టి వాడుకుంటుంది. అదే తేడా.

వెనక కింద నల్లటి గుండులా కనిపించేది కంప్రెసర్. తెలుగులో సంపీడకం అనొచ్చు కాని మెకానిక్కుతో ఆ మాట అంటే ఆయన మీకేసి ఓసారి చూస్తాడు. అది గ్యాసుని గట్టిగా నొక్కి వేడెక్కిస్తుంది. ఆ వేడి గ్యాసు ఫ్రిజ్జు వెనకో, పక్క గోడల లోపలో ఉన్న గొట్టాల్లో తిరిగి, వేడిని మన వంటింట్లోకి వదిలి ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం పుల్లంత సన్నటి గొట్టంలోంచి దూరి, ఒక్కసారిగా వెడల్పైన గొట్టంలోకి వచ్చి పడుతుంది. ఒత్తిడి తగ్గిపోవడంతో అక్కడ మరిగి ఆవిరవుతుంది. మరగడం అంటే వేడి అనుకోవద్దు. ఆర్-134ఎ అనే గ్యాసు మామూలు వాతావరణ పీడనం దగ్గర సున్నాకి 26 డిగ్రీల కిందే మరుగుతుంది. ఇప్పటి ఫ్రిజ్జుల్లో వాడే ఆర్-600ఎ సున్నాకి సుమారు 12 డిగ్రీల కింద. అది మరగడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న గాలిలోంచి లాక్కుంటుంది. ఆ చోట ఉన్న గొట్టాల చుట్టనే చల్లటి కాయిలు అంటారు. ఆవిరైన గ్యాసు మళ్లీ కంప్రెసర్లోకి వెళ్తుంది. కథ మొదటికొస్తుంది.

చిన్నప్పుడు ఎండాకాలంలో ఫ్రిజ్జు తలుపు తెరిచి ముందు కూర్చుంటే గది చల్లబడుతుందనుకునేవాణ్ణి. ముందునుంచి తోడిన వేడిని వెనకనుంచి అదే గదిలో పోస్తుంది కనక, కరెంటు వల్ల పుట్టే వేడి అదనంగా కలిసి, గది ఇంకాస్త వేడెక్కుతుంది.

చలి ఉంది, గాలి లేదు

పాత ఒంటితలుపు ఫ్రిజ్జుల్లో చల్లటి కాయిలు మంచుగూడు చుట్టూనే ఉండేది, చల్లగాలి బరువు కనక తనంతట తానే కిందకి దిగేది. మంచు పేరుకోని రకం అలా కాదు. చల్లటి కాయిలు మంచు అర వెనక ఒక ప్లాస్టిక్ పలక చాటున దాక్కుని ఉంటుంది. దాని పక్కన అరచేయంత ఫ్యాను ఒకటి. ఆ ఫ్యాను చల్లగాలిని మంచు అరలోకీ, అందులో కొంచెం సన్నటి గాలిదారి గుండా కింది అరలోకీ తోస్తుంది. కింది అరకి సొంతంగా చల్లదనం లేదు, పైనుంచి వచ్చిందే దిక్కు. కాబట్టి కంప్రెసర్ బాగున్నా, గ్యాసు నిండుగా ఉన్నా, ఆ ఫ్యాను ఆగినా, గాలిదారి మూసుకుపోయినా కింద పాలు విరుగుతాయి.

ఈ తంటా ఫ్రిజ్జులంత పాతది. 1882 ఫిబ్రవరి 15న న్యూజీలాండులోని పోర్ట్ చామర్స్ రేవు నుంచి డ్యునెడిన్ అనే తెరచాప ఓడ గడ్డకట్టిన మాంసం నింపుకుని లండనుకి బయల్దేరింది. ఈ దేశం నుంచి అలాంటి సరుకు వెళ్లడం అదే మొదలు. అందులో ఆవిరియంత్రంతో నడిచే శీతలయంత్రం ఉంది. ఉష్ణమండలం చేరేసరికి చల్లగాలి సరుకు గదంతా సరిగ్గా తిరగడం లేదని తేలింది. యంత్రం మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది. కెప్టెన్ విట్సన్ తనే గాలిగొట్టంలోకి పాక్కుంటూ వెళ్లి, రంపంతో అదనంగా రంధ్రాలు కోశాడు. ఆ పనిలో చలికి కొయ్యబారిపోతే కాళ్లకి తాడు కట్టి బయటికి లాగాల్సొచ్చింది. 98 రోజుల ప్రయాణం తర్వాత మే 24న ఓడ లండను చేరింది. దాదాపు 5,000 గొర్రె, గొర్రెపిల్లల మాంసపు మొండేల్లో ఒక్కటి మాత్రమే పనికిరాదని పారేశారట. న్యూజీలాండు తర్వాత వందేళ్లు బతికింది ఆ వ్యాపారం మీదే. విట్సన్ గారు గ్యాసు పట్టించుకోలేదు, గాలికి దారి చేశారు!

చెవి, చెయ్యి, థర్మామీటరు

సరే, మా వంటింటికి వద్దాం. మెకానిక్కుని పిలిస్తే వచ్చి చూసినందుకే 120 డాలర్లు అన్నారు. బాగు చెయ్యడానికి వేరే. 250 డాలర్ల ఫ్రిజ్జుకి అది సబబా అని తేల్చుకోవాలంటే ముందు జబ్బేమిటో నాకు కొంతైనా తెలియాలి. పనిముట్లు లేకుండా చూడగలిగినవి చూశాను.

ముందు చెవి. లోపల దీపం వెలుగుతోంది కదా అని కరెంటు అంతటా అందుతోందనుకోకూడదు, దీపం వేరు, కంప్రెసర్ వేరు. ఫ్రిజ్జు వెనక్కి వెళ్లి వినాలి. సన్నగా, ఆగకుండా గుర్రుమంటుంటే కంప్రెసర్ తిరుగుతున్నట్టు. రెండుమూడు నిమిషాలకోసారి టక్కుమని, కాసేపు మూలిగి, మళ్లీ టక్కుమని ఆగిపోతుంటే అది లేవలేక పడిపోతోందన్నమాట. దాన్ని లేపే స్టార్టింగ్ రిలే పోయి ఉండొచ్చు, అది చవకైన భాగం. లేదా కంప్రెసరే బిగుసుకుపోయి ఉండొచ్చు. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు మీద పెట్టినా ఇలా జరుగుతుంది, కనక ముందు గోడ ప్లగ్గులో నేరుగా పెట్టి చూడాలి. ప్లగ్గు పీకి వెంటనే పెట్టినా అంతే. గొట్టాల్లో రెండు వైపులా ఒత్తిడి సమానం కావడానికి కనీసం ఐదు నిమిషాలు ఆగాలి. మన ఊళ్లలో కరెంటు పోయి వచ్చినప్పుడు స్టెబిలైజరు కాసేపు ఆగి ఇవ్వడంలోని మర్మం ఇదే.

నా ఫ్రిజ్జు గుర్రుమంటూనే ఉంది, అసలు ఆగడమే లేదు.

తర్వాత చెయ్యి. కంప్రెసర్ మీద అరచెయ్యి ఆనించవద్దు, కాలుతుంది. చేతి వెనక భాగం దగ్గరగా పెడితే చాలు. వేడిగా ఉంది. ఫ్రిజ్జు పక్క గోడలు గోరువెచ్చగా ఉన్నాయి. అంటే వేడి ఎక్కడినుంచో తోడి బయటకి వస్తోంది. గ్యాసు పూర్తిగా పోయి ఉంటే కంప్రెసర్ తిరుగుతున్నా పక్కలు చల్లగా ఉండిపోయేవి. అమ్మ చెప్పిన రోగనిర్ధారణ మీద నాకు మొదటి అనుమానం ఇక్కడే వచ్చింది.

తలుపు రబ్బరు చూశాను. నోటు పెట్టి తలుపు మూసి లాగితే పట్టుగా రావాలని పాతకాలపు చిట్కా. ఇక్కడి డాలరు నోట్లు ప్లాస్టిక్కువి, రబ్బరు ఎంత బాగున్నా జారిపోతాయి. మామూలు కాగితం ముక్క వాడండి. నా ఫ్రిజ్జుది పట్టుగానే ఉంది. ముందు కాళ్లు తిప్పి ఫ్రిజ్జుని వెనక్కి ఒక్క పిసరు వాల్చాను. ఇల్లు మారినప్పుడు నేల వాలు మారుతుంది, తలుపు తనంతట తాను మూసుకోకపోతే రాత్రంతా సందులోంచి వేడిగాలి పోతుంది.

ఇక ఫ్యాను. చాలా ఫ్రిజ్జుల్లో తలుపు తీస్తే ఫ్యాను ఆగుతుంది. చట్రం అంచున తలుపు తగిలే చోట చిన్న బొత్తాం ఉంటే దాన్ని వేలితో నొక్కి పట్టుకుని మంచు అరలో చెవి పెట్టాలి. (కొత్త రకాల్లో బొత్తాం బదులు అయస్కాంతం ఉంటుంది.) గాలి చప్పుడు వినాలి, వెనక పలక సందుల్లోంచి మొహానికి చల్లగాలి తగలాలి. నాకేమీ తగల్లేదు. మొదటి రాత్రి వినిపించిన కరకర అప్పుడు గుర్తొచ్చింది.

ప్లగ్గు పీకేశాను. ఇక్కడ ఒక్క క్షణం ఆగి చెబుతాను: పలక విప్పే ముందు గోడ దగ్గర స్విచ్చి ఆపడం చాలదు, ప్లగ్గు పీకాల్సిందే. నాలుగు స్క్రూలు విప్పి పలక లాగాను. చల్లటి కాయిలు ఆ కొస నుంచి ఈ కొస దాకా సమానంగా తెల్లటి సన్నటి మంచుతో ఉంది. ఆ దృశ్యానికి విలువుంది. కాయిలంతా సమానంగా మంచు పడితే గ్యాసు సరిపడా ఉన్నట్టే. ద్రవం లోపలికొచ్చే మొదటి రెండు వరసల మీదే మంచు ఉండి మిగతాది పొడిగా ఉంటే గ్యాసు తక్కువైందని అనుమానించాలి. మందపాటి దిమ్మలా కాయిలు మొత్తం మంచులో కూరుకుపోయి ఉంటే మంచు కరిగించే ఏర్పాటు చెడిందని అర్థం. ఇక్కడ ఆ చివరి రెండూ కావు. ఫ్యాను రెక్కలు మాత్రం అద్దంలాంటి గట్టి మంచులో చిక్కుకుని ఉన్నాయి. కిందకి పోయే గాలిదారి నోట్లో కూడా అలాంటి గడ్డే.

మొదటి తప్పు

మంచు పేరుకోని ఫ్రిజ్జులో మంచు పడదని కాదు, పడిందాన్ని అదే కరిగించుకుంటుంది. కొన్ని గంటలకోసారి కంప్రెసర్ ఆగి, కాయిలు కింద ఉన్న చిన్న హీటరు వెలిగి, కరిగిన నీరు ఒక కన్నంలోంచి కంప్రెసర్ మీది పళ్లెంలోకి జారి, ఆ వేడికి ఆరిపోతుంది. ఫ్రిజ్జు నిలబడి ఉంటేనే ఆ నీటికి దారి తెలుసు.

కేంబ్రిడ్జ్‌లో ప్లగ్గు పీకిన ఐదు నిమిషాల్లో మేం దాన్ని పడుకోబెట్టాం. ట్రైలర్లో తల వైపు కాస్త పల్లం. దారిలో సగం కరిగిన మంచునీరు కన్నం వైపు వెళ్లక ఫ్యాను వైపూ, గాలిదారిలోకీ పోయింది. నిలబెట్టాక నాలుగు గంటలు ఆగాను నిజమే. జూలై నెల, వంటింట్లో 14 డిగ్రీలు, తలుపులు మూసి ఉన్నాయి. నాలుగు గంటల్లో అది పూర్తిగా ఆరలేదు. ప్లగ్గు పెట్టగానే ఉన్న నీరు ఉన్నచోటే గడ్డకట్టింది. రెక్కలు కాసేపు గడ్డని గీకుతూ కరకరలాడి, తర్వాత చిక్కుకుపోయాయి. అమ్మినాయనకి నేను అప్పటికే సగం రాసిపెట్టిన కోపపు సందేశాన్ని చెరిపేశాను. ఆయన అమ్మింది మంచి ఫ్రిజ్జే.

సరైన పద్ధతి ఏమిటంటే, మోసే ముందురోజే ప్లగ్గు పీకి, తలుపులు బార్లా తెరిచి, కరిగిన నీరంతా పోయి ఆరనివ్వాలి. కింది పళ్లెం ఖాళీ చెయ్యాలి. వీలైనంత వరకు నిలువుగానే తీసుకెళ్లాలి. పడుకోబెట్టక తప్పకపోతే రెండో బెడద ఉంది. కంప్రెసర్ గుండు అడుగున నూనె ఉంటుంది. అది ఆ గుండులోకి తెరుచుకునే గొట్టంలోంచి పైకి పాకుతుంది. నూనె వెనక్కి దిగకముందే మొదలుపెడితే కంప్రెసర్ లోపల తడి తక్కువై అరుగుతుంది, నూనె గొట్టాల్లో అడ్డం పడుతుంది. లోపలి మోటారు స్ప్రింగుల మీద ఊగుతూ ఉంటుంది కనక గతుకుల్లో అవి ఊడే ప్రమాదమూ ఉంది. ఎంతసేపు ఆగాలో కంపెనీ పుస్తకంలో ఉంటే అది పాటించండి. లేకపోతే, పడుకోబెట్టిన ఫ్రిజ్జుకి ఒక రాత్రంతా ఇవ్వండి. రాత్రంతా తలుపులు తెరిచి ఉంచితే మంచునీటి బెడదా, నూనె బెడదా రెండూ తీరిపోతాయి.

వైద్యం

మందు చాలా చవక. ప్లగ్గు పీకి, తలుపులు తెరిచి, కింద పాత తువ్వాళ్లు పరిచి, ఎదురుగా టేబులు ఫ్యాను పెట్టి 24 గంటలు వదిలేశాను. మంచు అరలో వేడినీళ్ల గిన్నె పెట్టి రెండుసార్లు మార్చాను. కరిగిన తర్వాత నీరు పోయే కన్నంలో గోరువెచ్చటి నీళ్లు పోసి, పళ్లెంలోకి దిగుతున్నాయో లేదో చూశాను. ఆ కన్నం మూసుకుపోతే ఇదే కథ ఇంకో రూపంలో వస్తుంది.

చెయ్యకూడనిది ఒకటుంది. చాకుతోనో, స్క్రూడ్రైవరుతోనో మంచు చెక్కకూడదు. కాయిలు మెత్తటి అల్యూమినియం. ఒక్క పోటు పడితే నిజంగానే గ్యాసు పోతుంది, అప్పుడు అమ్మ చెప్పింది నిజమవుతుంది. పైగా ఆర్-600ఎ అంటే ఐసోబ్యూటేను, మన వంటగ్యాసుకి దగ్గర బంధువు, మండుతుంది. ఫ్రిజ్జులో ఉండేది మహా అయితే కొన్ని పదుల గ్రాములే, కాని మూసిన వంటింట్లో నిప్పురవ్వ దగ్గర అది తక్కువేం కాదు. వెనక చీటీ మీద ఏ గ్యాసో రాసి ఉంటుంది, మండేదైతే పసుపు త్రికోణంలో మంట బొమ్మ ఉంటుంది. హెయిర్‌డ్రయ్యరు కూడా నేను వాడను. నీళ్లు కారే చోట కరెంటు వస్తువు పట్టుకుని కూర్చోవడం నాకిష్టం లేదు. ఒకరోజు ఓపిక పడితే పోయేదేముంది?

మర్నాడు ఫ్యాను రెక్కని వేలితో తిప్పితే గాలికి తిరిగే కాగితపు పంకాలా తిరిగింది. పలక బిగించి ప్లగ్గు పెట్టాను. ఐదు నిమిషాల్లో చల్లగాలి మొహానికి కొట్టింది. ఖాళీ ఫ్రిజ్జు కుదుటపడటానికి దాదాపు ఒక రోజు పడుతుంది, అరగంటకోసారి తలుపు తీసి చూస్తే ఇంకా ఎక్కువ. మర్నాటి సాయంత్రం గ్లాసులో థర్మామీటరు 4 డిగ్రీలు చూపించింది. న్యూజీలాండు ప్రాథమిక పరిశ్రమల శాఖ ఆహారానికి చెప్పే హద్దు 2 నుంచి 5 డిగ్రీలు. ఇన్సులిన్‌కీ అది సరిపోతుంది.

అయినా ఇన్సులిన్ పెట్టెని వెంటనే తేలేదు. ఎందుకంటే ఇంకో అనుమానం మిగిలి ఉంది. కరిగించే హీటరో, దాన్ని అదుపు చేసే చిన్న థర్మోస్టాటో పోయి ఉన్నా, చేత్తో ఒకసారి కరిగిస్తే ఫ్రిజ్జు వారం పది రోజులు చక్కగా పనిచేసి, మెల్లగా మళ్లీ దిమ్మ కడుతుంది. కాబట్టి ఇలాంటి వైద్యం ఫలించిందో లేదో రెండు వారాలు చూస్తేగాని తెలియదు. గోడ మీద కాగితం అంటించి రోజూ పొద్దున్నా సాయంత్రం అంకె రాశాను. పన్నెండో రోజు దాకా 3కీ 5కీ మధ్యే ఆడింది, పద్నాలుగో రోజున కూడా కరకర లేదు. అది మళ్లీ వచ్చి ఉంటే ఆ 120 డాలర్లు ఇచ్చేవాణ్ణే, కాకపోతే "ఫ్రిజ్జు చల్లబడటం లేదండీ" అనకుండా, "కంప్రెసర్ తిరుగుతోంది, కాయిలు సమానంగా మంచు పడుతోంది, కరిగించాక పన్నెండు రోజులకి మళ్లీ గడ్డకట్టింది" అని చెప్పేవాణ్ణి. ఆ వాక్యం విన్న మెకానిక్కు గ్యాసు సిలిండరు మోసుకుంటూ రాడు.

గరాజులో పెట్టేవాళ్లకి

రోటోటూనాలో చాలా ఇళ్లకి గరాజు ఇంటికే అతికి ఉంటుంది, రెండో ఫ్రిజ్జు అక్కడికి చేరుతుంది. ఇక్కడ చలికాలం పొద్దున్నలు గడ్డి మీద తెల్లగా మంచు పేరుకునేంత చల్లగా ఉంటాయి. వేసవి నుంచీ బాగా పనిచేసిన ఫ్రిజ్జులో జూన్ రాగానే మంచు అర కరుగుతోందంటే చాలామంది ఆశ్చర్యపోతారు. చలిలో కరగడమేమిటి? చాలా ఫ్రిజ్జుల్లో థర్మోస్టాటు కింది అరలోనే ఉంటుంది. గరాజే 6 డిగ్రీలుంటే కింది అర తనంతట తానే చల్లగా ఉంటుంది, "ఇక చాలు" అని థర్మోస్టాటు కంప్రెసర్ని లేపదు. పై అరలో చేపలు మెత్తబడతాయి. వెనక చీటీ మీద వాతావరణ తరగతి ఉంటుంది. ఎస్ఎన్ అని ఉంటే చుట్టూ 10 నుంచి 32 డిగ్రీల మధ్య పనిచేసేలా చేశారు, ఎన్ అంటే 16 నుంచి 32, ఎస్‌టి అంటే 16 నుంచి 38, టి అంటే 16 నుంచి 43. గరాజులోంచి వంటింట్లోకి జరిపితే బాగైపోయే "చెడిపోయిన" ఫ్రిజ్జులు ఈ ఊళ్లో చాలానే ఉండాలి.

కొనేటప్పటి మాట ఒకటి. ఇక్కడ వ్యాపారి దగ్గర కొంటే, పాతదైనా సరే, 1993 నాటి వినియోగదారుల హామీల చట్టం మనవైపు ఉంటుంది. మామూలు మనిషి ఇంటినుంచి అమ్మితే ఆ చట్టం వర్తించదు. "బాగా పనిచేస్తోంది" అని అబద్ధం చెప్పి అమ్మితే మాత్రం 2017 నాటి ఒప్పందాల చట్టం కింద అడగొచ్చు. కాబట్టి ప్రకటన కాపీ దాచుకోండి. వీలుంటే ముందే ఫోను చేసి, మీరు వెళ్లేసరికి ఫ్రిజ్జు నడుస్తూ ఉండాలనీ, డబ్బులిచ్చాక మర్నాడు తీసుకెళ్తాననీ, ఈలోగా ప్లగ్గు పీకి తలుపులు తెరిచి ఉంచమనీ అడగండి. ఇవి రెండు ప్రయాణాలవుతాయి, పెట్రోలు దండగ అనిపిస్తుంది. నేను ఒకే ప్రయాణంలో కానిచ్చి, మూడు లీటర్ల పాలూ, ఒక ఐస్‌క్రీమూ, దోసెల పిండీ పారబోశాను.

రెండు వారాలయ్యాక అమ్మ ఇన్సులిన్ పెట్టె పక్కింటినుంచి తిరిగొచ్చింది. వెనక గోడకి ఆనించకుండా, చల్లగాలి నేరుగా వచ్చే కన్నానికి దూరంగా, మధ్య అరలో ముందు వైపు పెట్టాను. ఆ కన్నం ఎదురుగా పెట్టిన కొత్తిమీర ఒకసారి గడ్డకట్టడం చూశాను మరి. థర్మామీటరు గ్లాసు ఇప్పటికీ దాని పక్కనే ఉంటుంది. గ్యాసు సంగతి ఎన్నిసార్లు చెప్పినా అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "ఏదో నువ్వు కదిపేసరికి గ్యాసు సర్దుకుందిలే," అంటుంది.